ఓబుళేశు పారేయని రాయి

మా మైదుకూరు ఓబుళేశు దేన్నీ పారేయడు. కాన్వెంటులో చదివేటప్పుడే సిస్టర్ పారేసిన సుద్దముక్కలు ఏరి జేబులో వేసుకునేవాడు. ఇప్పుడు వాళ్ల అటక మీద వెలగని టార్చిలైట్లు, చేతులు విరిగిన కుర్చీలు, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ల జెండాలు కూడా ఉన్నాయి. ఎలుకలు అందులోకి పోవాలంటే పక్కకు తిరిగి నడవాల్సిందే.

“ఇవన్నీ ఎందుకప్పా?” అంటే ఒకటే మాట. “ఉండనీలే, పనికొస్తాది.”

ఆమధ్య కర్నూలులో కిడ్నీ రాయి తీయించుకున్నాడు. డాక్టరు మూత్రం సాఫీగా దిగడానికి లోపల సన్నటి గొట్టం పెట్టి, “నెల తర్వాత రండి, తీసేస్తాను” అన్నాడు. నెల పోయింది. ఏడాది పోయింది. భార్య గురమ్మ పోరుతూనే ఉంది.

“నొప్పి లేదు గదా. ఉండనీలే, పనికొస్తాది.”

“కడుపంటే అటకనుకుంటాండావా?”

అది పనికి రాలేదు, పెరిగింది. గొట్టం కొస మూత్రాశయంలో ఉంటే, దాని చుట్టూ ఉప్పు పేరుకుని రాయి కట్టింది. కొబ్బరికాయంత అని నేను చెబుతుంటాను, నిమ్మకాయంత అని గురమ్మ దిద్దుతుంటుంది. “ఇంకొన్నాళ్లు ఆగివుంటే కిడ్నీ పోయేది” అని డాక్టరు కోప్పడి, ఆపరేషన్ చేసి తీశాడు. పారేయబోతే ఓబుళేశు మంచం మీది నుంచే చెయ్యి చాపాడు.

“ఉండనీ సార్, పనికొస్తాది.”

రాయి ఊరగాయ సీసాలోకి చేరింది. గురమ్మ చాలాకాలం ఊరగాయ ముట్టలేదు.

మొన్నామధ్య పక్కింటి నాగక్కకూ కిడ్నీ రాయి ఆపరేషన్, అలాంటి గొట్టమే. నెల గడువు దాటినా ఆమె తీయించుకోవడానికి కదల్లేదు. కూతురు యామిని ఏడ్చినా వినలేదు.

“నాకు బాగుండాదన్నా. మళ్లా ఆస్పత్రంటే భయం.”

ఓబుళేశు సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఏందన్నా, బెల్లమా?”

“నాకూ శానా బాగుండె నాగక్కా. ఆ బాగే ఇది.”

ఆమె సీసా తిప్పి చూసింది. రాయిలోంచి గొట్టం కొస తొంగిచూస్తోంది.

“బస్సు ఎన్నింటికి?” అంది.

మర్నాడు నాగక్క వెంట యామిని, ఓబుళేశు, గురమ్మ, నేను కర్నూలు వెళ్లాం. ఆస్పత్రి మెట్ల దగ్గర నాగక్క ఆగిపోతే, ఓబుళేశు అటక మీది నుంచి తెచ్చిన చేతికర్ర ఆమె చేతికిచ్చాడు. కాఫీ తాగేలోపు పని అయిపోయింది. నర్సు గొట్టం ట్రేలో పెట్టి తెచ్చి, “తీసేశామండీ, చూడండి” అంది. మేమంతా ఆ మాట కోసం ఓబుళేశు నోటివైపు చూశాం.

“పారేయమ్మా,” అన్నాడు.

జ్వరమేమోనని గురమ్మ ఆయన నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. బస్సెక్కేటప్పుడు మాత్రం ఆయన చంకలో ఆస్పత్రివాళ్లు పారేసిన ఖాళీ అట్టపెట్టె ఉంది.