రెండు తెరలు, ఒక్క తీగ

1988. పుదుచ్చేరిలో రెడ్డియార్‌పాళయం దాటాక ఉన్న ఒక రెసిన్ కర్మాగారంలో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుని. రంగుల తయారీకి కావలసిన చిక్కని పదార్థం రెసిన్. అది కెటిల్ అనే పెద్ద పాత్రలో ఉడుకుతుంది. వేడి హద్దు దాటితే లోపలే గడ్డకట్టి రాయిలా బిగుసుకుంటుంది. ఇక కెటిల్‌ను ఉలితో చెక్కుకోవలసిందే. అందుకే అక్కడ అన్నిటికంటే ముఖ్యం వేడిని కనిపెట్టి ఉండటం. దాన్ని కొలిచే పరికరాలన్నీ నా బాధ్యత.

ఆ ఏడాదే కంప్యూటర్ వచ్చింది, దాని తెర కెటిల్ పక్కనే ఉండేది. పరికరాలు చదివిన ప్రతి కొలతనూ డిస్కులో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను హిస్టోరియన్ అంటారు. అందులో ఒక్కొక్క కొలతకు ఒక పేరు ఉంటుంది. దాన్ని ట్యాగ్ అంటాం. యజమాని చెంగల్రాయ చెట్టిగారికి ఊళ్లో తన ఆఫీసు గదిలో కూర్చుని కెటిల్ వేడి చూడాలని కోరిక. అందుకని కంప్యూటర్ అమ్మినవాళ్లు ట్యాగులకు నకళ్లు తీసి, టెలిఫోన్ లైన్ మీద ఊళ్లోని రెండో కంప్యూటర్‌కు చేరేలా ఏర్పాటు చేశారు. వచ్చినవాళ్లందరికీ చెట్టిగారు ఆ తెర చూపించేవారు.

చెట్టిగారి తండ్రి మా తాత గిడ్డంగిలో గుమస్తా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ ఎత్తేవాళ్లం కాదు. అప్పటికి మా ఇల్లు మాది కాదు. ఆ వీధి మీదుగా నేను నడిచేవాణ్ని కాదు. ఒర్లియంపేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కణ్నే ఉండేవాణ్ని. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం ఏనాడూ గడప దాటలేదు. పనిలో తమిళం, కాగితాల మీద ఇంగ్లీషు. చెట్టిగారు కాక నాతో తెలుగు మాట్లాడేవాడు కెటిల్ ఆపరేటర్ సత్తిబాబు ఒక్కడే. యానాం నుంచి వచ్చినవాడు. "అయ్యగారండీ, టీ తాగేరా?" అని రోజూ అడిగేవాడు. "తాగాను" అనేవాణ్ని.

ఒక మధ్యాహ్నం సత్తిబాబు ఉడుకుతున్న సరుకునంతా నీళ్ల గుంటలోకి వదిలేశాడు. వేడి హద్దు దాటిందని అతని మాట. నీళ్లలో కలిసిన సరుకును పరీక్షించి తేల్చే వీలు లేదు. మర్నాడు చెట్టిగారు ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించారు.

"ఏంది సత్తిబాబూ ఇది? గీత చూడు, దారం పట్టి గీసినట్టు ఉండాది. యాడ ఎక్కింది వేడి?"

"ఎక్కిందండి. తెర మీద ఏటీ లేదండి, కెటిల్ మీదున్న వేడి గడియారంలో ముల్లేమో పరిగెడతందండి. మంట ఆపేసినా ఆగలేదండి. ఇంకాసేపు సూత్తా నిలబడితే కెటిలే పోయేదండి."

"ఆ ముల్లు చూసినోడివి నువ్వొక్కడివే. నా తెర, ఫ్యాక్టరీ తెర, రెండూ ఒకే మాట చెప్తా ఉండాయి." నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి నాయుడూ. యంత్రాలు రెండూ కూడబలుక్కుంటాయా?"

తెలియని దానికి తల ఊపడం మా ఇంట లేదు. "చూసి చెప్తాను" అన్నాను.

"సరి, చూడండి. వారం ముగిసేలోపల చూడండి. ఆనక వీణ్ణి పంపించేస్తా."

బయటికి వచ్చాక సత్తిబాబు మెట్ల మీద ఆగిపోయాడు. "ఉజ్జోగం పోతే యానాం ఎల్లిపోవాలండి. సరుకు పారబోసొచ్చిన మొగోడని మా బావలు పండగ సేసుకుంటారండి." నవ్వబోయాడు, రాలేదు. "తమరు నమ్ముతున్నారా అయ్యగారండీ?"

"నమ్మడం నా పని కాదు. వెతకడం నా పని."

"ఆయ్, అదే సాలండి."

ముందు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. అది మరీ తిన్నగా ఉంది. కలియబెట్టే కెటిల్‌లో వేడి ఎప్పుడూ కొంచెం వణుకుతూనే ఉంటుంది. నిశ్చలంగా ఉన్నదంటే అది కొలత కాదు. టెలిఫోన్ లైన్ తెగినప్పుడు ఊళ్లోని నకలు, చివరగా అందిన అంకెనే పట్టుకుని చెప్పిందే చెబుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం లైన్ తెగి ఉండాలి, అంతవరకూ అర్థమైంది. మరి ఫ్యాక్టరీ తెర మీద కూడా అదే గీత ఎందుకుంది? దానికి టెలిఫోన్‌తో పనేమిటి? రెండు చోట్లా ట్యాగ్ పేరు ఒకటే: కెటిల్ టెంప్. పేరు పెట్టి ఎంత వెతికినా రెండూ ఒకేలా కనిపించాయి.

మా తాత నీలిగుడ్డల వర్తకుడు. ఆయన ముద్రను దొంగిలించి వేరేవాళ్లు తమ మూటల మీద వేసుకునేవారట. తాత ముద్ర వంక చూడకుండా మూట విప్పి, అంచు నుంచి ఒక పోగు లాగి చూసేవాడని మా నాయన చెప్పేవాడు. నేను తెర వదిలి కెటిల్ దగ్గరికి వెళ్లాను.

కెటిల్‌లో వేడిని పసిగట్టే తీగను థర్మోకపుల్ అంటారు. దాన్ని పట్టుకుని బయలుదేరాను. గోడ మీది పెట్టె, అక్కడి నుంచి ప్యానెల్, ప్యానెల్ నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ద్వారం. దాన్ని చానెల్ అంటాం. ఏ ట్యాగ్ ఈ చానెల్ నుంచి విలువ తీసుకుంటుందో చెప్పమని కంప్యూటర్‌ను అడిగాను. వచ్చిన పేరు కెటిల్ టెంప్ కాదు. టి.ఐ.12. నా డ్రాయింగులో నేను రాసిన పేరు.

అప్పుడు తెలిసింది. యజమానికి చదవడానికి బాగుండాలని అమ్మినవాళ్లు ఊళ్లోని నకళ్లకు కొత్త పేర్లు పెట్టారు. రెండు తెరలూ ఒకేలా ఉండాలని ఆ నకళ్లనే అదే లైన్ మీద వెనక్కి తెచ్చి ఫ్యాక్టరీ తెర మీద పెట్టారు. అంటే కెటిల్ పక్కనే ఉన్న తెర, ఊరికి వెళ్లి తిరిగి వచ్చిన నకలుకు నకలును చూపిస్తోంది. అసలు ట్యాగ్ ఏ తెర మీదా లేదు. ఎవరూ పిలవకపోయినా తన విలువలు తాను రాసుకుంటూనే ఉంది. దాన్నుంచి ఆ మధ్యాహ్నపు గీతను కాగితం మీద తీయించాను. గోడలా లేచింది. గుంటలోకి వదిలిన చోట పడింది.

ఆ కాగితం చెట్టిగారి ముందు పెట్టి అంతా వివరించాను. ఆయన గీత వెంట వేలు జరిపారు.

"అంటే ఇన్నాళ్లూ నేను చూసింది?"

"నకలు."

"లైను తెగితే నా తెర మీద ఏముండాల?"

"ఏమీ ఉండకూడదు. ఖాళీగా ఉండాలి."

"నలుగురిని కూర్చోబెట్టి చూపించేటప్పుడు ఖాళీగా ఉంటే?"

"ఖాళీ అనే చెప్పండి."

ఆయన నవ్వారు. అందులో ఇష్టం లేదు. "మీ తాత ఇట్నే మాట్లాడేవాడంట. మా నాయన చెప్పేవాడు. ఎదటోడి మొహం చూసేదే లే." కాగితం మడిచారు. "వాణ్ణి పనిలోకి రమ్మనండి."

సత్తిబాబు చేతులు పట్టుకోబోయాడు. వెనక్కి తీసుకున్నాను. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలండి. కురుచికుప్పం నుంచి మంచి సేప తెత్తానండి. మా ఆవిడ పులుసెడతాదండి" అన్నాడు. రానని చెప్పాను. ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పామో వారింట తింటే రేపు ఆ సాక్ష్యానికి బరువుండదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఆదివారం గదిలోనే ఉన్నాను.

తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లకు ఈ కేసే చెప్పేవాణ్ని. ఇద్దరు ఒకే మాట చెబితే, ఆ ఇద్దరికీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగండి. పేరును బట్టి వెతకకండి. తీగ దగ్గర మొదలుపెట్టండి. కొలత అందనప్పుడు పాత విలువనే మళ్లీ మళ్లీ చూపించే ఏర్పాటు ఎక్కడ కనిపించినా తీసేయండి.

సోమవారం కెటిల్ దగ్గర సత్తిబాబు మామూలుగానే అడిగాడు.

"అయ్యగారండీ, టీ తాగేరా?"

"లేదు" అన్నాను.

అతను ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత రెండో గ్లాసు కోసం పరిగెత్తాడు.