వంతెన దగ్గర మూడు రోజులు

ఈ పదిహేను రోజుల్లో మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ జవాబు రాలేదు. నాలుగేళ్లుగా పెళ్లిళ్లలోనూ దినాల్లోనూ నలుగురి మధ్య అడిగినప్పుడు, సందట్లో వినబడలేదేమోనని సరిపెట్టుకున్నాను. ఈసారి రాతలో, మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అడిగాను. అందరూ చదివారు. తర్వాత ఎవరో శుభోదయం బొమ్మ పెట్టారు, ఇంకెవరో దాని కింద పూలు పెట్టారు, నా ప్రశ్న పైకి జరిగిపోయింది. అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను. నా ఈడు వాళ్లకు రాసినదాన్ని చివరిదాకా చదివే అలవాటు ఇంకా ఉంది.

నా భార్య చెల్లెలి కూతురు మా సూర్యాపేటలోనే బ్యాంకులో పనిచేస్తుంది. భర్తతో కలిసి మొదటిసారి యూరప్ చూసి రావాలనుకుంటున్నామని, పది రోజులకు మించి సెలవు దొరకదని, ఏయే ఊళ్లు పెట్టుకోవాలో తెలిసినవాళ్లు చెప్పమని గ్రూపులో అడిగింది. నేను కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఉండగానే మిర్యాలగూడ నుంచి నా బావమరిది వాయిస్ మెసేజి వచ్చేసింది.

"బిడ్డా, మీ మామ మాట ఇను. మూడూర్లే పెట్టుకో. ఎక్కువ పెట్టుకుంటె బస్సుల కూసునుడే అయితది. ఒకూర్ల దిగాలె, ఇంకో ఊరికెల్లి విమానం ఎక్కాలె, పోయిన తొవ్వల మళ్ల రావద్దు. రూము మారినప్పుడల్ల సగం దినం ఖతం అనుకో."

దాని కింద చప్పట్లు, దండాలు, మామయ్య అనుభవమే వేరని పొగడ్తలు. ఆ మాటలన్నీ నావి. నాలుగేళ్ల కింద నేను కాగితం మీద రాసి అతని చేతికి ఇచ్చినవి. వరుస కూడా మార్చలేదు.

నేను సూర్యాపేట బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం చార్టుల సెక్షన్లో. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ ఊళ్లో ఎంతసేపు ఆగాలి, డ్రైవరు ఎక్కడ టీ తాగాలి అన్నవన్నీ గళ్ల కాగితం మీద రాయడం నా పని. అప్పట్లో చార్టు రాయాలంటే ముందు ఆ బస్సెక్కి తిరిగేవాళ్లం. చేతి గడియారం చూసుకుంటూ, కండక్టరు పక్కన కూర్చుని, సంచులు ఎక్కించేవాళ్లను, చిల్లర కోసం తగాదా పడేవాళ్లను కూడా నిమిషాల్లో రాసుకునేవాళ్లం. సూర్యాపేట నుంచి కోదాడకు ఎంత దూరమో మిర్యాలగూడకూ ఇంచుమించు అంతే, కానీ హైవే మీద కోదాడ గంటలో వచ్చేస్తే, అడుగడుక్కీ ఆగే మిర్యాలగూడ బస్సుకు ఆ రోజుల్లో గంటన్నరకు తక్కువ పట్టేది కాదు. దూరం వేరు, కాలం వేరు అని నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకున్నాను. కొందరు జీవితమంతా నేర్చుకోరు.

తిరుమలగిరి బస్సుకు నేను రాసిన చార్టులో పది నిమిషాలు ఎక్కువున్నాయని మా పై అధికారి మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచి ఎర్ర సిరాతో కొట్టేశాడు. వారం తిరక్కుండా డ్రైవరు సెక్షన్లోకి వచ్చి, "సారూ, గీ టైముకు పోవాలంటె జనాన్ని ఎక్కించుకోవద్దు, ఉత్త బండి కొట్టాలె," అన్నాడు. ఆరు నెలల తర్వాత అదే అధికారి అవే పది నిమిషాలు తన సొంత ఆలోచనగా కలిపి, మీటింగులో మెచ్చుకోలు అందుకున్నాడు. ఆ మీటింగులో నాకు వచ్చిన టీ చల్లారిపోయి ఉంది. అది కూడా నాకు గుర్తే.

డిపో నాకు రెండు అలవాట్లు ఇచ్చింది. ఒకటి, వచ్చిన ప్రతి అర్జీకీ నంబరు వేసి, కుదిరినా కుదరకపోయినా జవాబు రాయడం. రెండోది, మంజూరు కాని చార్టును ఎవరికీ చూపకపోవడం. ముందే చూపిస్తే డ్రైవర్లు దాన్ని నమ్ముకుని ఇంట్లో పనులు పెట్టుకుంటారు, తర్వాత అది మారిపోతే ఉసూరుమంటారు. ఆ రెండో అలవాటే నన్ను ముంచింది.

నా భార్య కోదాడ పక్కనున్న చిలుకూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. రోజూ రెండు బస్సులు మారి వెళ్లి వచ్చేది, వచ్చాక వంట. మా వంటగదిలో స్టవ్వు పైన ఎరువుల దుకాణం వాళ్లు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరు ఒకటుండేది. నీళ్ల మీద చెక్క వంతెన, దానికి ఇంటికున్నట్టు పెంకుల కప్పు, రెండు పక్కలా పూలకుండీలు. సంవత్సరం అయిపోయాక తేదీలున్న భాగం కత్తిరించి బొమ్మను మాత్రం ఉంచుకుంది. పోపు పొగకు ఆకాశం పసుపుపచ్చగా మారిపోయినా తీయనివ్వలేదు. కూర కలుపుతూ అప్పుడప్పుడు దానికేసి చూసి, "గాడ ఒక పొద్దంత కూసోవాలె, ఎవ్వలికీ అన్నం పెట్టేది లేకుంట," అనేది. నేను నవ్వేవాణ్ని. ఆమె మాత్రం నవ్వేది కాదు.

నేను రిటైరయ్యాక ఫోన్లో ఆ బొమ్మ పెట్టి వెతికితే అది స్విట్జర్లాండులో లూసర్న్ అనే ఊరని తెలిసింది. వెళ్దామన్నాను. తమ్ముడూ మరదలూ కూడా ఉంటే ధైర్యంగా ఉంటుందని ఆమె అంది. వేసవి అప్పటికే దాటిపోయింది, ఇక ఆమెకు బడి సెలవులు దసరాకే. ఆమె తమ్ముడికి మిర్యాలగూడలో రైస్ మిల్లులో వాటా ఉంది, కొత్త వడ్లు దిగకముందే తిరిగి రావాలి. అన్నీ కలిపి చూస్తే పది రోజులు. ఏ ఊళ్లు చూడాలో నువ్వే చూడు బావా అని మొదట అన్నది అతనే. ఆ మాట అతను మరిచిపోయి ఉండవచ్చు.

రెండు నెలలు కూర్చుని రాశాను. పది రోజుల్లో రెండు విమానాలకే పోతాయి. దిగిన రోజు ఒళ్లు కుదురుకోదు. ఊరు మారిన ప్రతిసారీ పెట్టె సర్దాలి, గది ఖాళీ చేయాలి, స్టేషనుకు చేరాలి, కొత్త ఊళ్లో మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు, అంటే సగం రోజు. ఆరు ఊళ్లు పెట్టుకుంటే మూడు రోజులు పెట్టెలకే సరిపోతాయి. అందుకని పారిస్‌లో దిగి మూడు రోజులు, అక్కణ్నుంచి రైల్లో లూసర్న్, మూడు రోజులు, మళ్లీ రైల్లో వెనిస్, రెండు రోజులు, ఇంటికి విమానం అక్కణ్నుంచే. కింద చిన్న అక్షరాలతో, ఈ దేశాలన్నిటికీ ఒకే వీసా కాబట్టి ఎన్ని దేశాలు తిరిగినా పాస్‌పోర్టులో వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, రెండే ముద్రలు పడతాయని కూడా రాశాను. లూసర్న్ రెండో రోజు గడిలో మాత్రం ఏ రైలూ లేదు, ఏ కొండా లేదు. 'వంతెన దగ్గర కూర్చొనుటకు, ఒక పొద్దంతా' అని రాశాను. నా భార్యకు చూపించలేదు. మంజూరయ్యాక చూపిద్దామనుకున్నాను.

కోదాడలో చుట్టాల గృహప్రవేశంలో, భోజనాల బల్ల దగ్గర ఆ కాగితం బావమరిది చేతికిచ్చాను. అతను పైపైన ఒకసారి చూసి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. "బావా, నీ బస్టాండు లెక్కలు ఆడ నడువయి. పాస్‌పోర్టుల ఆరు దేశాల ముద్రలు పడాలె. మూడూర్లకయితె నిడమనూరు జాతరకు పోయొచ్చినట్టుంటది," అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వడ్డించేవాడు కూడా నవ్వాడు. పదిహేను రోజుల తర్వాత జవాబుకు బదులు ఒక ట్రావెల్స్ వాళ్ల రంగురంగుల పుస్తకం వచ్చింది. ఆరు దేశాలు, ఎనిమిది రోజులు.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయను. పొద్దున్నే పెట్టెలు గది బయట పెట్టడం, బస్సు, మూత్రశాల దగ్గర వరుస, బస్సు. మూడో రోజుకు నా భార్య మోకాళ్లు వాచాయి. ఆ రోజు నుంచి ప్రయాణం ముగిసేదాకా నేను బావమరిదితో మాట్లాడలేదు. ఆ బస్సులో నాకు నచ్చిన మనిషి డ్రైవరు ఒక్కడే. అక్కడ డ్రైవరు రోజుకు ఇన్ని గంటలే నడపాలని చట్టం, బండిలో ఉన్న యంత్రం నిమిషం నిమిషం రాసుకుంటుంది. జర్మనీలో రోడ్డు మీద ఆలస్యం కావడంతో, అతని గంటలు ముగియకముందే హోటలు చేరాలని, లూసర్న్‌లో ముప్పై నిమిషాలే ఆగుతామని గైడు చెప్పింది.

బస్సు ఒక గడియారాల దుకాణం ముందు ఆగింది. కిటికీలోంచి, నీళ్లకు అడ్డంగా, ఆ వంతెన కప్పు కనబడుతోంది. నా భార్య చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడి, "జర వస్తరా? గదే కదా," అంది. ముప్పై నిమిషాల్లో ఆ మోకాళ్లతో వెళ్లి రావడం కుదరదని నాకు లెక్క తెలుసు. డ్రైవరు తప్పేమీ లేదని కూడా తెలుసు. నాలుగు రోజులుగా దాచుకున్న కోపం బయటికి వచ్చింది. "నేను ముందే రాసిచ్చిన. నా మాట ఎవలు ఇన్నరు? పోయి మీ తమ్ముణ్ని అడుగు," అన్నాను. సీటులోంచి లేవలేదు.

ఆమె ఒక్కో మెట్టూ పట్టుకుని దిగింది. దుకాణం గుమ్మం దగ్గర తమ్ముడితో చాలాసేపు మాట్లాడింది. అద్దంలోంచి చూశాను గాని మాటలు వినబడలేదు. వంతెన వైపు ఇద్దరూ వెళ్లలేదు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని, "సూసిన లెండ్రి," అంది. బస్సు కదిలేటప్పుడు అటు తల తిప్పలేదు. ఇంటికొచ్చాక పాస్‌పోర్టుల్లో రెండే ముద్రలున్నాయి. బావమరిది ఆ సంగతీ ఎత్తలేదు.

తర్వాత ఆమె ఒక సంవత్సరం బడికి వెళ్లింది. మరుసటి సంవత్సరం ఎక్కువ భాగం దవాఖానలో గడిచింది. ఆమె పోయి రెండేళ్లవుతోంది. క్యాలెండరు బొమ్మ స్టవ్వు పైనే ఉంది. ఇప్పుడు దాని కింద వండేది నేనే.

మొన్న గ్రూపులో అతని గొంతు విన్నాక, నాలుగేళ్లుగా అడుగుతున్నట్టే, నా కాగితం ఏం చేశావని అక్కడా అడిగాను. జవాబు లేదు. నేను రాసుకున్న చిత్తుప్రతి దొరికితే ఫొటో తీసి పెడదామని బీరువా అంతా వెతికాను. చిత్తుప్రతి దొరకలేదు. ఆమె పోయాక నేను తెరవని హ్యాండ్‌బ్యాగులో, పాస్‌పోర్టు కవరు వెనక, నాలుగు మడతలతో అసలు కాగితమే దొరికింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కిరాణా చీటీలో వచ్చిన సరుకుకు టిక్కు పెట్టేది, దుకాణంలో లేదన్నదానికి సున్న చుట్టేది, మళ్లీ వెళ్లి తేవలసినదాన్ని ఏ గుర్తూ పెట్టకుండా వదిలేసేది. నా చార్టును కూడా అట్లాగే సరిచూసింది. పారిస్ టవరుకు టిక్కు. మ్యూజియంకు సున్న. లూసర్న్ సరస్సులో స్టీమరుకు సున్న. వెనిస్ పడవకు టిక్కు. 'వంతెన దగ్గర కూర్చొనుటకు, ఒక పొద్దంతా' అన్న గడిలో ఏమీ లేదు.

ఇప్పుడు సూర్యాపేటలో ఎవరూ గడియారం పట్టుకుని బస్సులెక్కి చార్టులు రాయడం లేదు. నా భార్య చెల్లెలి కూతురు ఫోన్లో మూడు ఊళ్ల పేర్లు కొడితే నిమిషంలో ప్రయాణమంతా వచ్చేసిందట, నాకు చూపించింది కూడా, బాగానే ఉంది. అర్జీలకు నంబర్లు వేసే రోజులు పోయాయి. ఎంతమంది చదివారో లెక్క తెలుస్తుంది గానీ, జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదో తెలియదు. చదివి ఊరుకోవడమే ఇప్పుడు మర్యాద అయిపోయింది.

బావమరిదీ, రెండోసారీ మూడోసారీ అడిగిన ప్రశ్న వేరు, నువ్వు గమనించావో లేదో. ఆ మూడూర్ల తెలివి నీదే అనుకో, చప్పట్లూ నువ్వే ఉంచుకో. ఆ కాగితం నా భార్యకు ఎప్పుడిచ్చావు? కోదాడ నుంచి వచ్చిన వారంలోనే ఇచ్చి ఉంటే, ఆమె ఆ గడి చదివి, మనిద్దరికీ తగాదా ఎందుకని నోరు మూసుకుని నీ బస్సెక్కింది. ఆ రోజు కుచ్చిళ్లు సర్దుకుని నిలబడినప్పుడు, నేను ఏం రాశానో తెలిసే నన్ను పిలిచింది, నేను లేవలేదు. అప్పుడు తప్పు నాది. అట్లా కాక గడియారాల దుకాణం ముందు ఇచ్చి ఉంటే, నువ్వు దాన్ని ఆరు దేశాలు జేబులో పెట్టుకు తిరిగి, వంతెన కళ్లెదురుగా ఉన్నప్పుడు కూడా మీ అక్క చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించలేదు. అప్పుడు తప్పు నీది. నన్ను కాపాడడానికే పలకడం లేదేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ దయ నాకు అక్కర్లేదు.

మిర్యాలగూడ బస్సుకు ఇప్పుడు ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. ఎంత పట్టినా వచ్చి, ఆ వంటగదిలో నిలబడి, ఆ బొమ్మ ముందు చెప్పు. ఎప్పుడిచ్చావు?