కుదరని తడిక

బోయిగూడలో మేం అద్దెకున్న ఇంటి పెద్దాయనకు పెరట్లో ఒక రేకుల కొట్టం ఉండేది. అందులో ఆయన, ఆయన స్నేహితుడు కలిసి సరదాకి కొయ్యబొమ్మలు చెక్కేవారు. పోలీసు చర్య తర్వాత ఆ స్నేహితుడు కుటుంబంతో కరాచీ వెళ్లిపోయాడు. అతను కూర్చునే పీట మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ చలికాలమంతా పెద్దాయన కుంపటి ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోయాడు. ఎండలు ముదిరాక వట్టివేళ్ల తడిక తెచ్చాడు. ఒకరోజు కిటికీకి కట్టేవాడు, మర్నాడు తలుపుకి. నేను బడినుంచి రాగానే పిలుపు.

"టీచరమ్మా, జెర ఆ పీట మీద కూసొని చెప్పు. చల్లగ తగుల్తున్నదా?"

తగులుతోందంటే చిన్నబుచ్చుకునేవాడు. "ఏమో, నాకైతే కుదరలే అనిపిస్తున్నది" అని గొణుగుతూ ముడులు విప్పేవాడు. ఇదేం చాదస్తమని విసుక్కునేదాన్ని.

ఒక సాయంత్రం తడికను బాగా తడిపి కిటికీకి కట్టాడు. కొట్టమంతా వట్టివేళ్ల వాసన, హాయైన చల్లదనం. పీట మీదనుంచి లేవబోతూ చూశాను. ఆయన చేతిలో ఉలి కదులుతోంది. ఆ పీట ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఉలి కదలడం నేనెన్నడూ చూడలేదు.

మళ్లీ కూర్చున్నాను.

"ఇంకా కుదరలేదు తాతగారూ," అన్నాను. "రేపు తలుపుకి కట్టి చూద్దాం."