సవరయ్య కారులో చల్లదనం ఎవరెత్తుకుపోయారు

చండ్రుగొండలో కారు కిరాయికి తిప్పుకునే సవరయ్య తన నీడను కూడా నమ్మడు. పెట్రోలు బంకులో కారు దిగి, మీటరు సున్నా నుంచి కదిలేదాకా రెప్ప వేయడు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాడు. ఆదివారం చర్చిలో పూజకు వెళ్తే, ఆ గుడి బయట ఒక చెప్పు ఈ మూల, ఇంకో చెప్పు ఆ మూల విడుస్తాడు. జతగా కనబడితేనే కదా దొంగకు పనికొచ్చేది అంటాడు. అలాగని మనిషి చెడ్డవాడు కాడు. అడవి లోపలి గూడేల నుంచి నొప్పులు పడే ఆడవాళ్లను ఎన్నోసార్లు ఊరికే దవాఖానాకు చేర్చాడు. చేర్చి వచ్చాక మాత్రం సీటు కింద చెయ్యి పెట్టి, జాకీ ఉందో లేదో తడిమి చూసుకునేవాడు.

ఈ ఎండాకాలం ఆ కారులో ఏసీ చల్లగా కొట్టడం మానేసింది. అంతకు ముందురోజే అతని భార్య విశ్రాంతమ్మ తమ్ముడు ప్రభు ఆ కారు తీసుకుని దుమ్ముగూడెం కిరాయికి వెళ్లి వచ్చాడు. సవరయ్యకు నడుము పట్టేసినప్పుడల్లా బండి నడిపేది ఆ బామ్మర్దే. మర్నాడు సవరయ్య ఏసీ వేస్తే, జలుబు చేసిన ముక్కులోంచి వచ్చినట్టు కాస్త గాలి వచ్చింది. అదీ వెచ్చగా. పైగా చుట్ట కంపు.

ఇంకేముంది, అనుమానం పెనుభూతమైంది. ఆదివారం పూజ విడిచిపెట్టగానే, గుడి ముందు నలుగురి మధ్య అడిగేశాడు.

"ఏసీ గ్యాసు ఎవరికమ్మినవ్ ప్రభూ? మంచి సామాను తీసి పాతది గూడ పెట్టిచ్చినట్టున్నవ్. చుట్ట తాగినవ్, అది సరే."

పుట్టి బుద్ధెరిగాక చుట్ట ముట్టని ప్రభు, జేబులోని తాళంచెవి తీసి కారు బానెట్ మీద పెట్టి నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ బావ గడప తొక్కలేదు. పూజలో ఒకరికొకరు చేతులు జోడించి శాంతి సమాధానాలు చెప్పుకునే వేళకు అటు తిరిగి నిలబడుతున్నాడు. విశ్రాంతమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. సవరయ్య ఏసీ చూపించడానికి ఖమ్మం బయలుదేరితే, పిలవకుండానే వచ్చి ముందు సీటులో కూర్చుంది.

"నా తమ్ముడు దొంగో కాదో నా కండ్లతోని చూస్త" అంది.

కారు ఏసీలు బాగుచేసే అహ్మద్ పాషా దుకాణంలో ఆమెకు కుర్చీ వేశారు. సవరయ్య కూర్చోలేదు. కళ్లలో ఒత్తులు వేసుకుని పాషా చేతుల వెంటే తిరిగాడు. పాషా గొట్టాలు తగిలించి మీటరు చూశాడు.

"గ్యాసు నిండుగనే ఉందన్నా."

"నీ మీటరు కరెక్టేనా పాషాభాయ్?"

పాషా నవ్వి, పక్క దుకాణం నుంచి ఇంకో మీటరు తెప్పించాడు. అదీ అదే మాట చెప్పింది.

"అయితే కంప్రెసర్ మార్చిండు" అన్నాడు సవరయ్య.

పాషా గుడ్డతో మట్టి తుడిచి చూపించాడు. "ఈ బోల్టుకు పానా తగలనే లేదు. కంపెనీ రంగు గట్లనే ఉంది చూడు."

తన వస్తువు ఏదీ పోలేదని తెలిస్తే ఎవరైనా సంతోషిస్తారు. సవరయ్యకు మాత్రం గుండెలో రాయి పడింది. ఏదో ఒకటి పోయి ఉంటే బాగుండు దేవుడా అనుకున్నాడు. పోకపోతే ప్రభు గుమ్మం ముందుకు వెళ్లి తల వంచుకోవాలి. భార్య వైపు చూడకుండా ఇంజను వైపే చూస్తూ నిలబడ్డాడు.

పాషా డ్యాష్‌బోర్డు కింది డబ్బా ఊడదీసి, లోపలికి వచ్చే గాలిని వడకట్టే ఫిల్టరు బయటికి లాగాడు. గోధుమరంగు పొడి జలజలా రాలింది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"ఇది తంబాకు. గాలి పోయే తొవ్వంత మూసుకపోయింది. ఇంక చల్లగ ఎట్లొస్తది?"

సవరయ్యకు ప్రాణం లేచివచ్చింది. "చూసినవా? నీ తమ్ముడు చుట్టలు తాగి గిండ్లనే దులిపిండు" అన్నాడు భార్యతో.

"చుట్ట తాగితే బూడిదొస్తది గదన్నా, ఆకు రాదు" అంటూ పాషా ముందు అద్దం కింది జాలీ ఎత్తాడు. పట్టకారు లోతుగా దించి, ఎండి పెళుసైన పొగాకు కట్ట ఒకటి బయటికి తీశాడు. దానికి చిలకపచ్చ గుడ్డపేలిక కట్టి ఉంది.

విశ్రాంతమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. పేలికను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది నా పాత చీర అంచు. వానకాలంల ఎలుకలు బండి వైర్లు కొరుకుతున్నయని నువ్వే గద చింపుకపోయినవ్."

సవరయ్య ఆ పేలికను చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది అంతా. పొగాకు వాసనకు ఎలుక రాదని గోదావరి ఒడ్డు రైతు దగ్గర ఆకు అడిగి తెచ్చుకున్నది తనే. అందరూ బానెట్ కింద పైపైన పెడతారు. పైన పెడితే ఎవడైనా చుట్ట చుట్టుకోవడానికి ఎత్తుకుపోతాడని, ఎవరి చెయ్యీ అందనంత లోపలికి, గాలి పీల్చుకునే సందులోకి కుక్కింది కూడా తనే. ఎండలకు ఆకు పొడిపొడి అయింది. ఊరందరినీ అనుమానించినవాడికి తన మీద మాత్రం ఎప్పుడూ అనుమానం రాలేదు.

"పిల్లను సంకల పెట్టుకొని ఊరంత ఎతికినట్టుంది నీ కథ" అంది విశ్రాంతమ్మ. ఆ మాటలో నవ్వు లేదు.

పాషా లోపలి కాయిలు కడిగి, కొత్త ఫిల్టరు వేశాడు. తిరుగుదారిలో కారు చల్లగా ఉంది.

చండ్రుగొండలో సవరయ్య తిన్నగా ప్రభు ఇంటి ముందు కారు ఆపాడు. విశ్రాంతమ్మ దిగలేదు. ప్రభు బయటికి వచ్చాడు.

"తప్పు నాదే ప్రభూ. పొగాకు పెట్టింది నేనే. రేపటి నుంచి బండి నువ్వే నడుపు" అంటూ సవరయ్య తాళంచెవి చాపాడు.

"సరే బావా. నాకేం కోపం లేదు" అన్నాడు ప్రభు, తాళంచెవి అందుకుంటూ.

సవరయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ప్రభు ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశాడు. బానెట్ ఎత్తి, జేబులోంచి ఫోను తీశాడు. బ్యాటరీ, కంప్రెసర్, గొట్టాలు, ఒక్కొక్కటీ నెమ్మదిగా వీడియో తీశాడు. వెనక్కి వెళ్లి డిక్కీలో స్టెప్నీని, సీటు కింద జాకీని కూడా వీడియో తీశాడు. మళ్లీ ముందుకు వచ్చాడు.

"నువ్వు గూడ గిట్ల పక్కకు రా బావా. అన్నీ చూసుకొనే తాళంచెవి ఇచ్చిన అని చెప్పు. రేపు మల్ల మాట రావద్దు."

సవరయ్య బానెట్ పక్కన నిలబడ్డాడు. ఫోను వైపు చూశాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"అన్నీ చూసుకొనే ఇచ్చిన" అన్నాడు.

విశ్రాంతమ్మ లోపలి నుంచి చూస్తూ, చలికి కొంగు భుజాల మీద కప్పుకుంది.