పొయ్యి ముట్టని ఉండలు

కోదాడలో మేముండేది ఒకే ప్రహరీ లోపల మూడు వాటాల ఇల్లు. ముందు వాటా ఇంటి యజమానురాలు ఆండాళమ్మది. మధ్య వాటాలో నేను, రూపను, బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాను. వెనక వాటాలో భూలి ఉంటుంది. ఇది భూలి కథ. ఉన్నది ఉన్నట్టే చెబుతాను గానీ, నాకు కోపం వచ్చిన చోట దాచుకోను.

భూలిది మోతె దగ్గర తండా. యాభై దాటింది. ఇక్కడి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజుకు నూట నలభై మంది పిల్లలు ఆమె చేతి అన్నం తింటారు. ఆమె పప్పుచారు పోస్తుంటే రెండోసారి కంచం చాపని పిల్లను నేను చూడలేదు. అలాంటి చేతి వంటను ఆండాళమ్మ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. భూలిదనే కాదు, నాది కూడా అంతే. పాలు, పండ్లు, కొబ్బరికాయ ఎవరిచ్చినా తీసుకుంటుంది. నిప్పు తగిలిందంటే మాత్రం తన చేత్తో వండుకున్నదే తినాలి.

చెడ్డ మనిషా అంటే కాదు, అదే నాకు వచ్చిన చిక్కు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. భూలి కూతురు సింధును ఆరో తరగతి నుంచి పది దాకా తన వరండాలో కూర్చోబెట్టుకుని, పైసా తీసుకోకుండా లెక్కలు చెప్పింది. సింధు ఇప్పుడు సూర్యాపేటలో నర్సు. ఉద్యోగం వచ్చిన రోజు భూలి బూరెలు చేసి పట్టుకెళ్లింది. ఆండాళమ్మ సింధు తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. బూరెల గిన్నె మాత్రం నా చేతికిచ్చి, "నువ్వు తినమ్మా రూపా, వేడిగా ఉన్నాయి" అంది. తిన్నాను గానీ ఒళ్లు మండిపోయింది.

"తినకపోతే పీడా పోయె. ఆమె వెంటబడి బతిమాలుడేందక్కా?" అన్నాను భూలితో.

"నా బిడ్డకు సదువిచ్చిన మనిషి రూపా. ఒక్కసారి ఆమె నోరు నా చేతితోని తీపి చెయ్యాలె. గంతే నా కోరిక" అంది భూలి.

అప్పుడు నాకు ఆండాళమ్మ మీద కన్నా భూలి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఈ మే నెలలో బడికి సెలవులిచ్చారు. సింధు ఫోన్‌లో ఒక వీడియో పంపింది. ఖర్జూరం, పప్పులు కలిపి రుబ్బి ఉండలు చేయడం. రోజుకు రెండు తింటే ఒంట్లో రక్తం పెరుగుతుందని తల్లికి పంపిన వీడియో అది. భూలి నా మిషను పక్కనే కూర్చుని దాన్ని నాలుగుసార్లు చూసింది.

"పొయ్యి ముట్టియ్యకుంట ఖతం చేసిండ్రు సూడు! మరి ఇది వంటెట్లయితది?"

"వంట కాదక్కా, ఉత్తగ కలుపుడే."

అంతే, భూలి చూపు మారిపోయింది. "వంట కాదు" అని రెండుసార్లు తనలో తానే అనుకుని లేచి నేరుగా ఆండాళమ్మ వరండాలోకి నడిచింది. జరిగేదేమిటో చూడకుండా కుట్టుకుంటూ కూర్చునే రకం కాదు నేను. వెనకే వెళ్లాను.

"అమ్మా, ఒక మాట అడుగుత. ఎండల పెడితె వంటయితదా?"

ఆండాళమ్మ పేపరు దించి చూసింది. "ఎండ నిప్పెలా అవుతుందే? కాదు."

"మిక్సీల తిప్పితె?"

"అదీ కాదు."

"తిప్పంగ తిప్పంగ మిక్సీ ఏడెక్కుతది గద?"

ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ అంతగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "శాస్త్రం రాసినవాళ్లకు మిక్సీ తెలియదు భూలీ. ఆపి ఆపి తిప్పుకో. అసలు ఇదంతా ఎందుకే?"

"ఊకెనే" అని వచ్చేసింది భూలి.

మర్నాటి నుంచి డాబా మీద ఆమె ప్రయోగాలు మొదలయ్యాయి. వీడియో చివర, కావాలంటే పప్పులు దోరగా వేయించుకోవచ్చన్నారు. ఈమెకు వేయించడం కుదరదు కదా! పల్లీలు, బాదం, జీడిపప్పు, నువ్వులు పాత చీర మీద పరిచి మూడు రోజులు ఎండబెట్టింది. మన కోదాడ ఎండ గురించి చెప్పేదేముంది. పల్లీలు అరచేతుల్లో నలిపితే పొట్టు దానంతటదే రాలిపోయింది. బెల్లం వెయ్యమన్నాను. "బెల్లం పెనంల కాగుతది, వద్దు" అంది. చేతికి అంటకుండా నెయ్యి రాసుకోమన్నాను. "వెన్న కాగకుంట నెయ్యెట్లయితది?" అని నన్నే ఎదురు అడిగింది. పోలీసులు కూడా ఇంత సోదా చెయ్యరు.

మొదట ఖర్జూరం ఒక్కటే మిక్సీలో వేస్తే బ్లేడుకు బంకలా పట్టుకుని మిక్సీ మూలిగింది. రెండోసారి పప్పులు ముందు రవ్వలా పట్టి, గింజ తీసిన ఖర్జూరం ముక్కలు కొద్దికొద్దిగా వేసింది. ముద్ద కుదిరింది గానీ చేతికి జిగురు. ఎండుకొబ్బరి కుడుక కోరి అందులో దొర్లించింది. అప్పుడు గుండ్రంగా, గోలీల కన్నా కాస్త పెద్దగా, చూడముచ్చటగా వచ్చాయి. నేనొకటి తిన్నాను. తీపి బాగుంది. పల్లీ మాత్రం కాస్త పచ్చి వాసన కొట్టింది. ఆ మాట చెప్పి ఆమె సంబరం చెడగొట్టలేకపోయాను.

భూలి ఉండలు పెట్టి తీసుకెళ్లిన డబ్బా మూత ఆండాళమ్మ తీసి చూసింది. "పొయ్యి ముట్టలేదు కదా?"

"ముట్టలే అమ్మా. నా సింధు మీద ఒట్టు."

ఆవిడ ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. ఉన్న నాలుగు పళ్లతో మెల్లగా నమిలింది. భూలి ఆ దవడ కదలడమే చూస్తూ నిలబడింది. "బాగుందే" అంది ఆండాళమ్మ. ఆ పూట భూలి నేల మీద నడవలేదు. అప్పటి నుంచి రోజూ నాలుగింటికి ఒక ఉండ వరండాలోకి వెళ్లేది.

పది రోజులు గడిచాక భూలి తమ్ముడు హరిలాల్ తండా నుంచి వచ్చాడు. ఒకప్పుడు ఆంధ్రాలో జీడిపప్పు కార్ఖానాలో ఏడాది పని చేసినవాడు. ఉండ తింటూ తమ భాషలో అక్కతో ఏదో అన్నాడు. భూలి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏమైందక్కా?"

హరిలాలే నాకు తెలుగులో చెప్పాడు. "ఏం లేదక్కా. జీడిగింజలను ముందుగాల ఆవిరిల ఉడకబెడతరు, లేకుంటె కాలుస్తరు. గట్ల చెయ్యకుంటె పెంకు ఊడదు, అండ్లున్న జీడి నూనె చేతులు కాలుస్తది. గదే చెప్పిన."

"బిడ్డ మీద ఒట్టేసిన రూపా" అంది భూలి, గోడకు చేరగిలబడి.

"నువ్వు తెలిసి చేసినవా? చెప్పకు. రేపటి నుంచి జీడిపప్పు ఆపెయ్యి, అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెల్వదా?"

చెబితే పదకొండేళ్లకు దక్కినది పదిరోజుల్లో పోతుంది. చెప్పకపోతే బిడ్డ మీద ఒట్టు. ఆ సాయంత్రం భూలి వరండాలో నిలబడి, జీడిపప్పు సంగతి ఒక్క మాట దాచకుండా చెప్పేసింది. ఆండాళమ్మ డబ్బా అందుకోలేదు. లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. భూలి డబ్బా పట్టుకుని తిరిగొస్తుంటే, వెళ్లి ఆ తలుపు దబదబా బాదుదామనిపించింది నాకు.

మర్నాడు నాలుగింటికి ఆండాళమ్మే పిలిచింది. ఇద్దరం వెళ్లాం. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నలభై ఏళ్లుగా పాయసంలో జీడిపప్పు వేసి దేవుడికి పెడుతున్నాను. ఏ ఊళ్లో ఎవరి చేతుల్లో ఉడికొచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. నిన్ను మాత్రం అడిగాను. ఒట్టు కూడా వేయించుకున్నాను."

భూలి తల వంచుకుని నిలబడింది.

"ఈసారి పల్లీలు వేయించి చెయ్యి భూలీ. పచ్చి వాసన వేస్తున్నాయి. పదిరోజుల నుంచీ చెప్పలేక తింటున్నాను."

"నా పొయ్యి మీదనా అమ్మా?"

"మరెవరి పొయ్యి మీద?"

నూట నలభై మందికి కళ్లు మూసుకుని వండే మనిషి, ఆ రోజు గుప్పెడు పల్లీలు మాడబెట్టింది. రెండో వాయి నేను పక్కనే ఉండి తిప్పించాను. వేడి తగ్గాక ఉండలు కట్టి ఇద్దరం తీసుకెళ్లాం. ఆండాళమ్మ రెండు తినేసి, "మిగిలినవి రేపటికి ఉంచుకుంటాను. వంటింట్లో పైఅరలో స్టీలు డబ్బా ఉంది, నాకు అందదు, తీసుకురా భూలీ" అంది.

ఇన్నేళ్లలో ఆ వంటింటి గడప మా ఇద్దరిలో ఎవరమూ దాటలేదు. భూలి నా మొహం చూసింది. నేను తల ఊపాను. భూలి కాళ్లు కడుక్కుని వస్తానని బయటికెళ్లబోతుంటే, "అక్కర్లేదు, వెళ్లు" అంది ఆండాళమ్మ. భూలి లోపలికెళ్లి, గడప దగ్గర నిలబడ్డ ఆండాళమ్మతో మాట్లాడుతూ, డబ్బా తీసుకురావడానికి పట్టే సమయం కన్నా చాలా ఎక్కువసేపు ఉండి వచ్చింది.

బయటికొచ్చాక నేనే ఆగలేక అడిగాను. "ఏముందక్కా లోపల?"

భూలి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏమున్నది రూపా, మన లెక్కనే. రెండు బర్నర్ల పొయ్యి. ఒకటి సక్కగ అంటుకుంటలేదట."