చెయ్యి పట్టుకోక తప్పని ఎండాకాలం

పోయిన వారం చౌడేపల్లె దగ్గర ఒక రైతు ఇంటికి ఆవును చూడటానికి వెళ్లాం. మా ఆయన ఆవు పళ్లూ పొదుగూ చూస్తుంటే నేను కొట్టంలో నేలను చూస్తూ నిలబడిపోయాను. ఆవుల కాళ్ల కింద పరిచింది మామూలు రబ్బరు షీటు కాదు, కబడ్డీ మ్యాట్. నీలం ముక్కలూ నారింజ ముక్కలూ ఎట్లా పడితే అట్లా అతికించారు. ఒక ముక్క మీద పేడ కింద నుంచి తెల్ల గీత ఇంకా కనిపిస్తోంది. "కుప్పంలో సెకండ్ హ్యాండుకు తెస్తిమమ్మా. ఆవులు జారకుండా బాగుండాది," అన్నాడు రైతు. ఒక జెర్సీ ఆవు సరిగ్గా ఆ గీత మీద కాళ్లు మడుచుకుని పడుకుని నెమరు వేస్తోంది. అట్లాంటి మ్యాట్ మీద అంత తీరుబడిగా ఉన్న ప్రాణిని చూడటం నాకు అదే మొదటిసారి. ఆవు ఎట్లా ఉందని మా ఆయన అడిగితే ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆరేళ్ల కిందట కుప్పంలో ఒక గ్రానైట్ వ్యాపారికి ఆడవాళ్ల కబడ్డీ లీగు పెట్టాలని బుద్ధి పుట్టింది. ఉత్త పోటీలు కాదు, నెల జీతం మీద ఆడే జట్లు. ఎండాకాలం మూడు నెలలు, ఒక వారం మదనపల్లెలో, ఒక వారం పుంగనూరులో, ఒక వారం కుప్పంలో మ్యాచ్‌లు. మదనపల్లె జట్టుకు కోచ్‌గా వచ్చిన మేడం ఒకప్పుడు మా జిల్లా జట్టుకు ఆట నేర్పినామె. రిటైరైపోయి మోకాళ్ల నొప్పులతో ఉన్నా మెడలో విజిల్ మాత్రం తీసేది కాదు. ఎప్పుడో తన చేతి కింద ఆడినవాళ్లందరికీ తనే ఫోన్లు చేసింది. నాకూ చేసింది, మా తోడికోడలికీ చేసింది. మా తోడికోడలిది గుర్రంకొండ పక్కన పల్లె. నాకంటే మూడేళ్లు పెద్దది, నాకంటే చాలా ముందే మా అత్తగారింటికి కోడలుగా వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. పిలిచేదాన్ని అంటున్నానే గానీ, అప్పటికి మా ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయి మూడేళ్లు. బోరు నీళ్ల వంతు దగ్గర మొదలైంది. నా వంతులో ఆమె మోటారు ఆపిందని నేను, ఆమె వంతులో నేను ఆపానని ఆమె. నిజానికి రెండుసార్లూ ఆపింది కరెంటు. ఆ సంగతి తేలేసరికి ఇంటి నడుమ గోడ లేచింది, పొయ్యిలు రెండయ్యాయి. అన్నదమ్ములు మాత్రం ఎప్పటిలాగే ఒకే బండి మీద టమోటా మార్కెట్‌కు పోయివచ్చేవాళ్లు.

ఈ సంగతి మేడంకు తెలియదు. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఇద్దరికీ మాటామంచీ బాగుంటుందనుకుని ఆమెను ఎడమ కార్నర్‌లోనూ నన్ను ఆమె పక్కనా నిలబెట్టింది. కబడ్డీ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అవతలి జట్టు నుంచి కూతకు వచ్చిన రైడర్‌ను పట్టాలంటే పక్కపక్కన ఉన్న ఇద్దరు చేతులు పట్టుకుని గొలుసులా కదలాలి. చెయ్యి వదిలితే ఆ సందులోంచి రైడర్ జారిపోతుంది. మూడేళ్లుగా గోడ మీదుగా ముఖం కూడా చూసుకోని ఇద్దరం, మొదటిరోజే అందరి ముందూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాం. ఆమె అరచెయ్యి గరుకుగా ఉంది, నాదీ అంతే. ఆటలో ఒకరికొకరు చెప్పుకోవాల్సింది బోలెడు ఉంటుంది. మాటలు లేవు కాబట్టి వేళ్లతో ఒక భాష కుదిరింది. ఒకసారి నొక్కితే వెనక్కి, రెండుసార్లు నొక్కితే మీద పడు. ఎవరు మొదలుపెట్టారో నాకిప్పటికీ తెలియదు. "సూడండే, వీళ్లిద్దరూ నోరు తెరవకుండా ఎట్లా ఆడతాండారో," అని మేడం మిగతావాళ్లకు మమ్మల్ని చూపించేది. మాకు నవ్వొచ్చేది. ఎవరి నవ్వు వాళ్లం అటు తిరిగి నవ్వుకునేవాళ్లం.

ఆ మూడు నెలల్లో నాకు బాగా గుర్తున్నది అలసటే. తెల్లవారుజామున లేచి పాలు పిండి, వంట చేసి పెట్టి, మొదటి బస్సుకు మదనపల్లె గ్రౌండుకు పోయేదాన్ని. ఎండకు మ్యాట్ పెనంలా కాలి, మోకాళ్ల చర్మం లేచిపోయేది. ఇంటికొచ్చి టమోటా తోటలో వంగితే మళ్లీ నడుము లేచేది కాదు. గెలుస్తూ ఉంటే ఒంటి నొప్పి తెలియదంటారు. మాకు అది తెలుసుకునే అవకాశం రాలేదు. పది మ్యాచ్‌లలో తొమ్మిది ఆడేసరికి గెలిచింది రెండు. వ్యానులో ఊళ్లు తిరిగేటప్పుడు ఇరవై నిమిషాలకల్లా అందరి తలలూ వాలిపోయేవి. నా తల ఆమె భుజం మీదో, ఆమె తల నా భుజం మీదో ఉండేది. మెలకువ రాగానే ఇద్దరం సర్దుకుని కిటికీలోంచి చింతచెట్లు చూసేవాళ్లం.

పుంగనూరులో ఏడో మ్యాచ్. పొడుగుకాళ్ల రైడర్ ఒకమ్మాయి మా వైపు వచ్చింది. నా చెయ్యి రెండుసార్లు నొక్కి, అక్క వదిలేసి రైడర్ చీలమండ పట్టుకుంది. ఆ పిల్ల కాలు విదిలించి గీత దాటబోయింది, నేను నడుము పట్టి కూల్చేశాను. పాయింటు మాకే వచ్చింది. లేచేటప్పుడు అక్క కుడిచెయ్యి చంకలో పెట్టుకుని లేచింది. తర్వాత వేళ్లకు టేపు చుట్టుకుంది. టేపు అందరం చుట్టుకునేదే, ఎవరూ పట్టించుకోలేదు. రెండు రోజుల తర్వాత ప్రాక్టీసులో నా చేతికి నొక్కు రాలేదు. వణుకు వచ్చింది. మూడేళ్ల తర్వాత నేనే నోరు తెరిచాను.

"అక్కా, వేలు ఇరిగిందా?"

"నోరు మూసుకోని ఆడుమే. మేడంకు సెప్తివంటే నన్ను ఇంటికి పంపించేస్తాది."

"పంపిస్తే పంపించనీ. ఆస్పత్రికి పోదాం రా."

ఆమె నీళ్ల సీసా కింద పెట్టి నా వైపు తిరిగింది. "పద్నాలుగేండ్లు పేడ ఎత్తినాను. ఆ ఇంట్లో ఎవురన్నా నన్ను పేరు పెట్టి పిలిస్తిరా? పెద్ద కోడలా, పిల్లోడి అమ్మా, ఇదే కదా. ఈడ మైకులో నా పేరు సెప్తాండారు. అది ఇనేదానికే వస్తాండాను. ఈ మ్యాచ్‌లు అయిపోనీమే."

నేను ఆ ఇంటి చిన్న కోడల్ని. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లూ లేరు. అందుకే నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి వేళ్లు కాకుండా ఆమె మణికట్టు పట్టుకుని ఆడాను. మణికట్టు మీద నా బొటనవేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలిసేది. మేడం అడిగితే, చెమటకు జారుతోందని చెప్పాను. అట్లా మూడు వారాలు, రెండు మ్యాచ్‌లు.

చివరి మ్యాచ్ కుప్పంలో. అది గెలిస్తే అట్టడుగు నుంచి లేస్తాం. అట్టడుగున మిగిలిన జట్టును వచ్చే ఏడు నడపనని వ్యాపారి ముందే చెప్పాడు. ఆ ఉదయం మేం దిగిన సత్రంలో టిఫిన్‌కు కూర్చున్నాం. అందరూ ఇడ్లీ తింటున్నారు. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమచేత్తో తింటోంది. కుడిచెయ్యి ఒళ్లో కొంగు కింద దాచుకుంది. ఎవరైనా చూస్తారేమోనని ఒక్కో ముక్కా గబుక్కున నోట్లో పెట్టుకుంటోంది. ప్లేటు వదిలేసి లేచి మేడం గదిలోకి పోయి చెప్పేశాను.

మేడం ఆమెను కూర్చోబెట్టి టేపు ఊడదీసింది. ఉంగరపు వేలు నల్లబడి, మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంది. మేడం ఆమెను కాదు, నన్ను చూసింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మూడు వారాలు మేడం."

"మూడు వారాలు ఆ చెయ్యి పట్టుకోని ఎట్లా ఆడితివే నువ్వు?"

అక్క నా వైపు తిరిగి ఒక్క మాటే అంది. "ఒక్క దినం. ఒక్క దినం ఆగలేకపోతివి."

ఆమె చోటులో కాలేజీ పిల్ల ఒకామె నిలబడింది. మంచి ఆటగత్తె, పట్టు ఇనుములా ఉంది. రెండో సగంలో అవతలి రైడర్ మా మూలకు వచ్చినప్పుడు నేను అలవాటుగా ఆ పిల్ల చెయ్యి రెండుసార్లు నొక్కాను. ఏమిటన్నట్టు తిరిగి నా ముఖం చూసింది. ఆ చూపులోనే రైడర్ ఇద్దరినీ తాకి పోయింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ రోజు మైకులో అక్క పేరు రాలేదు. బెంచీ మీద తువ్వాలు కప్పుకుని, ఆట వైపు కాకుండా జనం వైపు చూస్తూ కూర్చుంది. తిరుగు ప్రయాణంలో వ్యానులో ముందు సీటులో కూర్చుంది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మదనపల్లెలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "ఇది వంకరగానే అతుక్కునింది. దెబ్బ తగిలిన వారంలో వచ్చింటే తిన్నగా వచ్చేదమ్మా," అన్నాడు. అక్క కొంగుతో చెయ్యి కప్పుకుంది. గోడకు ఆనుకుని నిలబడి ఆ మాట నన్ను అన్నట్టే విన్నాను.

జట్టు పోయింది. రెండో ఏడుకు లీగే పోయింది. మా మధ్య గోడ అట్లాగే ఉంది గానీ మాటలు వచ్చాయి. కరివేపాకు కావాలనీ, కరెంటు వచ్చిందనీ, పాలవ్యాను వచ్చిందనీ గోడ మీదుగా చెప్పుకుంటాం. పాలు పిండేటప్పుడు ఆమె ఉంగరపు వేలు మడతపడక విడిగా నిలబడి ఉంటుంది. నేను అటు చూడను. నేను చూడటం లేదని ఆమెకూ తెలుసు.

నిరుడు తోటలో కాయలు కోస్తుంటే, తల ఎత్తకుండానే అడిగింది. "ఆ దినం మేడంకు ఎందుకు సెప్తివిమే?"

"ముందే సెప్పాల్సింది అక్కా."

"ముందే సెప్పింటే ఆ రెండు మ్యాచ్‌లూ లేకుండా పోవును కదా," అంటూ ఆమె గంప నెత్తికి ఎత్తుకుంది.

నేను ఒక్కరోజు తొందరపడ్డానని ఆమె బాధ. మూడు వారాలు ఆలస్యం చేశానని నా బాధ. ఆరేళ్లు గడిచిపోయాయి గానీ, ఆ ఒక్కరోజూ ఆ మూడు వారాలూ మా ఇద్దరికీ ఇంకా గడవలేదు.