పెయింటరింటి గోడ

వరద నీళ్లు వీధి వదిలాయో లేదో పెయింటర్ బ్రష్ అందుకున్నాడు. నడుంలోతు మునిగిన ఇళ్లల్లోంచి జనం బురద ఎత్తిపోసుకుంటుంటే, మనవాడు గోడలకి గులాబీరంగు కొట్టాడు. పెయింటరిల్లే వెలవెలబోతే పనెవరిస్తారని అతని బెంగ. "గోడ ఆరనివ్వండి, తొందరపడకండి" అని ఊరందరికీ చెప్పే నోరు, సొంత గోడ దగ్గర మూతపడింది.

వారం తిరక్కుండానే గోడంతా బొబ్బలెక్కింది. గీకి మళ్లీ వేశాడు. మళ్లీ బొబ్బలే. ఇల్లంతా ముక్కిన వాసన. చంటిదానికి ఆయాసం ఎక్కువైంది. భార్య పిల్లని చంకనేసుకుని తమ్ముడింటికి బయల్దేరింది.

"గోడ ఆరాకే వస్తా. నువ్వు చెబితే కాదు, గోడ చెబితే."

ఆ తమ్ముడు ఎలక్ట్రీషియన్. తడిసిన స్విచ్చులు మార్చడానికొచ్చి ఒక బొబ్బని వేలితో చిదిపాడు.

"ఏంటి బావా, గోడకి ఆటలమ్మ పోసిందా?"

"నవ్వరా, నవ్వు. నీళ్లు లోపలుండగా పైన రంగేశాను. పోతానంటున్న చుట్టాన్ని గదిలో పెట్టి గొళ్లెం వేసినట్టు."

"అయితే త్వరగా సాగనంపు. అక్క నా మంచం పిల్లకిచ్చి నన్ను నేలకి తోసింది. నా నడుం పోతోంది."

ఇద్దరూ కలిసి వరద మరకకి జానెడు పైదాకా ప్లాస్టరింగ్ చెక్కేశారు. ఇటుకలు బయటపడ్డాయి. బావమరిది స్విచ్చుబోర్డుల్ని భుజమెత్తున బిగించి, వైర్లు పైనుంచి దింపాడు. ఉబ్బిన చెక్క బీరువా తీసేసి సిమెంటు అరలు కట్టించారు. ఇక కిటికీలు తెరిచి చేతులు కట్టుకు కూర్చోవడమే మిగిలింది. అంత కష్టమైన పని పెయింటర్ జన్మలో చేయలేదు.

"ఏం పెయింటరూ, రంగైపోయిందా?" అని దారినపోయేవాళ్లు అడిగితే, "రంగుందండీ, బుద్ధే ఇప్పుడొచ్చింది" అనేవాడు.

ఇటుకల మీద ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు అతికించేవాడు. మర్నాటికి లోపల చెమట పడితే గోడ ఇంకా తడే. చాన్నాళ్లకి కాగితం పొడిగా ఊడొచ్చింది. భార్యకి కబురు పెట్టాడు. ఆమె వచ్చింది, నమ్మలేదు. తన చేత్తో మరో కాగితం అతికించి వెళ్లిపోయింది. మర్నాడొచ్చి ఊడదీసింది. లోపల తడిమింది, వాసన చూసింది. అప్పుడు పిల్లని చంకలోంచి దించింది.

"మళ్లీ గులాబీయేనా?"

"కాదు, సున్నం. గోడకి గాలాడుతుంది. రేపు నీళ్లొచ్చినా తొందరగా ఆరుతుంది."

"పెయింటరింటికి సున్నమా! మరి నీ పరువో?"

"అదా? మొన్న రంగుతోపాటే పెచ్చులూడింది. నేనే ఊడ్చి పారేశా."